రేక పువ్వా, ముద్ద పువ్వా? ‘తేనెటీగల తోట’ విత్తన ప్యాకెట్లపై సమీక్ష

అట్ట మీద విరగబూసిన మడి, ఒక పువ్వు మీద తేనెటీగ, ఇంకో పువ్వు మీద సీతాకోకచిలుక. ‘బీ ఫ్రెండ్లీ’, ‘పాలినేటర్ మిక్స్’, ‘బటర్‌ఫ్లై గార్డెన్’ అని పేర్లు మారతాయి గానీ బొమ్మ మాత్రం దాదాపు ఒకటే. ఈ సమీక్ష ఏ ఒక్క బ్రాండు గురించీ కాదు, ఈ తరహా సరుకు మొత్తం గురించి. తీర్పు ముందే చెప్పేస్తాం: పదిహేను ఇరవై రకాలు కలిపేసిన ప్యాకెట్‌కు ఐదుకు రెండు మార్కులు. అదే డబ్బుతో ఐదారు రకాలు విడివిడిగా కొని, ఒక్కో రకాన్ని ఒక్కో గుంపుగా చల్లుకుంటే నాలుగు. తేడా ఎందుకంత ఉందో ప్యాకెట్ తిప్పి చూస్తే తెలుస్తుంది.

వెనక వైపు మొదట చూడాల్సింది రకాల జాబితా. అది లేకపోతే అక్కడే పెట్టేయండి. ‘రకరకాల వైల్డ్ ఫ్లవర్స్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టిన ప్యాకెట్‌లో ఏముందో అమ్మేవాళ్లకూ తెలియదు. జాబితాలో శాస్త్రీయ నామాలు కూడా ఉంటే మంచిది. ‘డైసీ’, ‘సాల్వియా’ లాంటి పేర్ల కింద పదుల రకాలున్నాయి. నీలి పూల సాల్వియా ఫారినేసియా మీద తేనెటీగలు పొద్దంతా మూగుతాయి. మడుల్లో అలంకారానికి వేసే ఎర్ర సాల్వియా స్ప్లెండెన్స్ పువ్వేమో పిట్టల ముక్కుకు సరిపోయే పొడవాటి గొట్టం. తేనెటీగ కంటికి ఎరుపు ప్రత్యేకమైన రంగుగా ఆనదు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని, నీలాన్ని, ఆకుపచ్చని అది చూస్తుంది. అట్ట మీద ఎరుపే ఎక్కువగా ఉంటే అది మన కంటి కోసం వేసిన బొమ్మ.

తర్వాత బరువు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ‘వంద గ్రాములు, ఇరవై చదరపు మీటర్లకు సరిపోతుంది’ అని రాసి ఉన్న డబ్బాలో సగానికి పైగా వర్మిక్యులైట్ (తేలికపాటి ఖనిజపు ముక్కలు), పొట్టు, రంపపు పొడి, ఒక్కోసారి గడ్డి విత్తనం ఉండొచ్చు. చల్లడానికి వీలుగా పొట్టు కలపడం తప్పు కాదు, ఎంత కలిపారో చెప్పకపోవడమే తప్పు. అసలు విత్తనం చదరపు మీటరుకు రెండు నుంచి ఐదు గ్రాములు కావాలి. ఇరవై గ్రాముల ప్యాకెట్‌లో ఎనభై శాతం పొట్టయితే మిగిలేది నాలుగు గ్రాములే, అంటే మంచం వెడల్పు మడికి. గడ్డి విత్తనం ఉంటే మాత్రం ఎంత చౌకగా వచ్చినా వద్దు. రెండు నెలల్లో పూల మొక్కల్ని అదే మింగేస్తుంది.

‘పది రకాలు సమాన బరువులో కలిపాం’ అన్న మాటకూ మురిసిపోవద్దు. గ్రాము పొద్దుతిరుగుడుకు పాతిక గింజలు వస్తే ఎక్కువ. గ్రాము కాస్మోస్‌కు నూట డెబ్బై దాకా, గ్రాము ఫసీలియాకు ఐదొందల దాకా వస్తాయి. అలిసమ్ అయితే సుమారు 3,000, పాపీ 7,000 దాటుతుంది. బరువు సమానమైతే మడి నిండా పాపీ, అలిసమ్ మొలకలే. ఎదిగేకొద్దీ ఆ నాలుగు పొద్దుతిరుగుడు మొక్కలూ, కాస్మోసూ పైకి లేచి కింద ఉన్న అలిసమ్‌కు ఎండ తగలనివ్వవు. చివరికి పదింట్లో మూడు రకాలు మిగులుతాయి.

ఇక అసలు సంగతి. మన భాషలోనే ఈ విషయానికి రెండు చక్కటి మాటలున్నాయి: రేక, ముద్ద. రేక మందారం, ముద్ద మందారం. రేక నందివర్ధనం, ముద్ద నందివర్ధనం. పూలమ్మే వాళ్లకూ కొనేవాళ్లకూ ముద్ద పువ్వు మీదే మోజు. తేనెటీగకు మాత్రం రేక పువ్వు కావాలి. ముద్ద మందారంలో ఆ అదనపు రేకులు ఊరికే రాలేదు, పుప్పొడి ఇవ్వాల్సిన కేసరాలే రేకులుగా మారాయి. బంతి, జీనియా, పొద్దుతిరుగుడు లాంటి వాటిలో పువ్వు మధ్య కనిపించే బొత్తాం వందల చిన్న పూల గుంపు. మకరందం, పుప్పొడి ఉండేది అందులోనే. ముద్ద రకాల్లో ఆ బొత్తాం పూలు కూడా రేకులైపోతాయి. మిగిలిన కాస్త మకరందాన్ని అందుకోవాలన్నా ఆ రేకుల దొంతర్లో దారి దొరకదు.

అందుకే జాబితాలో మొక్క పేరు దగ్గర ఆగిపోకుండా రకం పేరు దాకా వెళ్లాలి. బంతి అని ఉంటే ఏ బంతి? బంతి పేరుతో ప్యాకెట్లలో ఎక్కువగా పోసేది లడ్డూలా ఉండే ముద్దబంతి. పొట్టిగా ఒకే వరస రేకులతో పూసే ఫ్రెంచ్ బంతి అయితే తీసుకోవచ్చు. జీనియాలో ‘డాలియా ఫ్లవర్డ్’ అని ఉంటే చాలా వరకు ముద్దలే. అయినా విత్తనం నుంచి వచ్చిన జీనియా మొక్కల్లో కొన్ని మధ్యలో పసుపు బొత్తాంతో ఒంటి వరస పూలు పూస్తాయి. తోటమాలి వాటిని నాసిరకం అనుకుని పీకేస్తాడు. సీతాకోకచిలుకలు వాలేది వాటి మీదే. కాస్మోస్‌లో ‘సెన్సేషన్’ నిఖార్సైన రేక రకం. ‘డబుల్ క్లిక్’ పేరులోనే ముద్ద అని చెప్పేస్తోంది. పొద్దుతిరుగుడులో ‘టెడ్డీ బేర్’ చూడ్డానికి బొమ్మలా ఉంటుంది, తేనెటీగకు పనికొచ్చేది తక్కువ. ఇంకో మెలిక ఉంది: గుత్తులు కట్టడానికి తయారుచేసిన పొద్దుతిరుగుడు సంకరాల్లో (హైబ్రిడ్లలో) చాలా వాటికి అసలు పుప్పొడే ఉండదు. బల్ల మీద గుడ్డకు పసుపు మరక పడకూడదని అలా చేశారు. వాటి మీద మకరందం దొరుకుతుంది గానీ పిల్లల్ని పెంచడానికి తేనెటీగకు కావలసిన మాంసకృత్తు పుప్పొడిలోనే ఉంది. ‘పోలెన్ ఫ్రీ’ అని చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి.

కలిపిన ప్యాకెట్‌లో మాకు కనిపిస్తే సంతోషం కలిగించే పేర్లు నాలుగు. ఒకటి బోరేజ్. నీలి నక్షత్రాల్లాంటి పూలు తలకిందులుగా వేలాడతాయి, తేనెటీగ పీల్చేసిన మకరందాన్ని తొందరగా మళ్లీ నింపుకుంటాయి. రెండోది ఫసీలియా, చల్లిన ఆరేడు వారాలకే ఊదా రంగు పూలు విచ్చుతాయి. మూడోది బక్వీట్. నాలుగు, ఐదు వారాల్లో పూతకొచ్చే తొందరపాటు మొక్క, కాకపోతే మకరందం ఎక్కువగా ఉదయం పూటే ఇస్తుంది, మధ్యాహ్నం చూసి ఈగలు రాలేదనుకోవద్దు. నాలుగోది అలిసమ్. ఇది తేనెటీగల కన్నా సిర్ఫిడ్ ఈగల కోసం. కందిరీగలా పసుపు చారలుండి గాల్లో ఒకే చోట నిలబడే ఈగలు అవే. వాటిలో చాలా రకాల పిల్లలు పేనుబంకను తింటాయి, పెద్దవి పుప్పొడి మీద బతుకుతాయి. వాటి నోరు పొట్టి కాబట్టి బల్లపరుపుగా విచ్చుకున్న చిన్న పూలే అందుతాయి. కొత్తిమీర, సోంపు మొక్కల్ని పీకకుండా పూతకు వదిలేసినా ఇదే ఫలితం. తులసి జాతి మొక్కల వెన్నులకు వచ్చినన్ని చిన్న తేనెటీగలు ఏ విదేశీ ‘మిక్స్’కూ రావు. ఈ కొత్తిమీర, సోంపు, తులసి ప్యాకెట్ల మీద అరుదుగానే కనిపిస్తాయి, ఎందుకంటే అట్ట మీద బొమ్మకు అందం చాలదు.

పెటూనియా, బిగోనియా పేర్లు కనిపిస్తే ఆ ప్యాకెట్ తయారుచేసినవాళ్లకు తేనెటీగలు గుర్తు లేవని అర్థం. పెటూనియా గొట్టం లోతుకు రాత్రిపూట తిరిగే చిమ్మటల పొడవాటి నాలుక కావాలి. మామూలు తేనెటీగ నాలుక ఆరు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. లాంటానా, బడ్లియా ఉంటే రెండుసార్లు ఆలోచించండి. సీతాకోకచిలుకలు మూగుతాయన్నది నిజమే, కంచె దాటి అడవుల్ని ఆక్రమించిన చరిత్ర కూడా రెండింటికీ ఉంది. లార్క్‌స్పర్, ఫాక్స్‌గ్లవ్ పొడవు నాలుక ఈగలకు మంచివే, కానీ రెండూ విషపు మొక్కలు. చిన్న పిల్లలో, ఆకులు నమిలే పెంపుడు జంతువులో ఉన్న ఇంట్లో వద్దు. ఈ హెచ్చరిక అట్ట మీద ఉండి తీరాలి. లేకపోతే ఒక మార్కు కోసేయాల్సిందే.

ఇన్ని మంచి రకాలున్నా కలిపిన ప్యాకెట్ ఎందుకు దెబ్బతింటుందంటే, లోతు దగ్గర. అలిసమ్, పాపీ మొలవాలంటే వెలుతురు తగలాలి. వాటిని మట్టి మీద చల్లి అరచేత్తో నొక్కాలే తప్ప కప్పకూడదు. ఫసీలియా, క్యాలెండ్యులా దీనికి ఎదురు, చీకట్లోనే బాగా మొలుస్తాయి. అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు మట్టి పైన ఉండాలి. పొద్దుతిరుగుడుకు రెండు సెంటీమీటర్లు, పైన వదిలేస్తే పిట్టలు ఏరుకుపోతాయి. ‘చల్లి, తేలిగ్గా మట్టి కప్పండి’ అని ప్యాకెట్ ఇచ్చే ఒకే ఒక్క సూచన అందుకే ఎవరికీ సరిగ్గా పనిచేయదు. పైగా ఎకినేసియా లాంటి బహువార్షికాల (ఏళ్ల తరబడి బతికే మొక్కల) గింజలకు మొలకెత్తే ముందు కొన్ని వారాల తడి చలి ఇస్తే తప్ప సరిగ్గా లేవవు. లేచినా మొదటి ఏడాది ఆకులే. అట్ట మీద పువ్వు కోసం ఏడాది ఎదురుచూడాలని ఎవరూ చెప్పరు.

ఇప్పటికే కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు. తెల్ల కాగితం మీద పోసి గింజల్ని ఏరుకోవచ్చు, అరగంట పని. నల్లగా వంకీ తిరిగిన సూదిలా ఉంటే కాస్మోస్. బల్లెం మొనలా చదునుగా ఉంటే జీనియా. నల్ల పుల్లకు గడ్డి రంగు కుచ్చు ఉంటే బంతి. ముడుచుకున్న గొంగళిపురుగులా ముళ్లతో ఉంటే క్యాలెండ్యులా. ఒక చివర చిన్న బ్రష్ అంటించినట్టుంటే కార్న్‌ఫ్లవర్. ఎండిన బఠాణీలా ముడతలు పడి పెద్దగా ఉంటే నాస్టర్షియం. నల్లగా గీతలతో, అడుగున తెల్లటి వలయంతో ఉంటే బోరేజ్. మిగిలిన దుమ్ములాంటి గింజలన్నీ వెలుతురు కోరేవే అనుకుని మట్టి పైనే చల్లేయండి.

ఏరడంలో ఇంకో లాభం కూడా ఉంది. తేనెటీగ ఒక విడత బయల్దేరితే ఎక్కువగా ఒకే రకం పువ్వు మీద తిరుగుతుంది. పరాగ సంపర్కానికి అది పనికొచ్చేదే ఆ అలవాటు వల్ల. అన్నీ కలిపి చల్లిన మడిలో ఒక బోరేజ్ ఇక్కడ, ఇంకోటి రెండడుగుల అవతల ఉంటుంది. ఇక ఆ తేనెటీగ తిప్పలు దానివి. ఒకే రకం కనీసం ఒక మీటరు వెడల్పు గుంపుగా ఉంటే దూరం నుంచే కనిపిస్తుంది, ఎగిరే శ్రమ తగ్గుతుంది. అంత చోటు లేకపోతే మూడు కుండీల్లో ఒకటే రకం వేసి పక్కపక్కన పెట్టండి. మూడు కుండీల్లో మూడు రకాలకన్నా అది మేలు.

చల్లే పద్ధతిలో ప్యాకెట్లు దాటవేసే మెట్టు కలుపు. మట్టిని గుల్ల చేసి, చదును చేసి, నీళ్లు పెట్టి రెండు మూడు వారాలు ఊరికే వదిలేయాలి. మొలిచిన కలుపును లోతుగా తవ్వకుండా పైపైనే గీరేసి, అప్పుడు విత్తనం చల్లాలి. లోతుగా తవ్వితే అడుగున ఉన్న కలుపు గింజలు మళ్లీ పైకొస్తాయి. ఎరువు వేయకండి. నత్రజని ఎక్కువైతే కాస్మోస్, నాస్టర్షియం ఆకులు ఏపుగా పెరిగి పూత తగ్గిపోతుంది. ఒక పాలు విత్తనానికి నాలుగైదు పాళ్లు పొడి ఇసుక కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా నడుస్తూ చల్లితే సమంగా పడుతుంది. ఇసుక లేత రంగుదైతే ఎక్కడ పడిందో తెలుస్తుంది. సన్న చిల్లుల మూతి (రోజ్) పెట్టిన క్యాన్‌తోనే తడపాలి, పైపు ధార పెడితే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. మొదటి రెండు మూడు వారాలు పైమట్టి ఆరనివ్వకూడదు. రోజుకు ఆరు గంటల ఎండ లేని చోట ఇదంతా వృథా.

మొలకలు నాలుగాకులకు వచ్చాక పలుచన చేయడానికి చేతులు రావు. చేయకపోతే మాత్రం జీనియాకు గాలాడక బూడిద తెగులు ఖాయం. కాస్మోస్, బోరేజ్ మధ్య 30 సెంటీమీటర్లు, జీనియా మధ్య 25, అలిసమ్ మధ్య 15 వదలండి. విత్తనం మొత్తం ఒకేసారి చల్లకుండా మూడు వారాల ఎడంతో మూడు విడతలు చేస్తే పూత అటూ ఇటూగా నెలన్నర ఎక్కువ నిలుస్తుంది. ప్యాకెట్ పాతదేమో అని అనుమానం ఉంటే ఇరవై గింజల్ని తడి కాగితంలో చుట్టి, ఆరకుండా వెచ్చని చోట పెట్టండి. పది రోజుల్లో పద్నాలుగుకు తక్కువ మొలిస్తే విత్తనం మోతాదు పెంచాలి, పదికి తక్కువైతే దుకాణంలో వాపసు ఇవ్వాలి. చలి కోరే రకాలకు ఈ పరీక్ష వర్తించదు.

గింజ మీద గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూత కనిపిస్తే అది మందు పట్టించిన విత్తనం కావచ్చు. పొలానికి తెప్పించిన పొద్దుతిరుగుడును చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మితే ఇలాగే ఉంటుంది. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సమ్, క్లోథియానిడిన్ అనే మూడు పురుగు మందులూ మొక్క ఒంట్లోకి పాకి పుప్పొడి, మకరందం దాకా చేరతాయి. ఐరోపా సమాఖ్య 2018లో ఈ మూడింటినీ ఆరుబయట వాడకుండా నిషేధించింది ఇందుకే. తేనెటీగల కోసమని అమ్మే ప్యాకెట్‌లో అలాంటి గింజ ఉండటం కన్నా పెద్ద ఎగతాళి లేదు. చల్లడానికి సులువుగా ఉండాలని మట్టి పూసి గుండ్రంగా చేసిన గింజలు వేరు, వాటితో భయం లేదు. అట్ట మీద ‘పెల్లెటెడ్’ అని ఉందో, ‘ట్రీటెడ్’ అని ఉందో చూసుకుంటే చాలు.

నర్సరీ నారు కొన్నా ఇదే ప్రశ్న అడగాలి: ఏ మందు కొట్టారు, ఎప్పుడు? జవాబు రాకపోతే విత్తనమే నయం. లావెండర్‌కు మాత్రం నారే కొనండి. దాని విత్తనం నెమ్మదిగా, ఎగుడుదిగుడుగా మొలిచి ఓపికను పరీక్షిస్తుంది.

సీడ్ బాల్స్ గురించి రెండు మాటలు చాలు. మట్టి ఉండ ఎండితే రాయవుతుంది. తడిసి విచ్చుకుంటే పదిహేను మొలకలు ఒకే గుప్పెడులో లేచి ఒకదాన్నొకటి నలిపేసుకుంటాయి. బహుమతిగా ఇవ్వడానికి ముచ్చటగా ఉంటాయి. ఐదుకు ఒకటి.

పెద్ద కిట్లతో పాటు వచ్చే చెక్క ‘బీ హోటల్’ ఇంకా అధ్వానం. అందులో తేనె పట్టు పెట్టే ఈగలు చేరవు, అది ఒంటరిగా గూడు కట్టుకునే ఈగల కోసం. ఆ ఈగ గొట్టం లోపలి కొసన ఆడ గుడ్లు, ముఖద్వారం దగ్గర మగ గుడ్లు పెడుతుంది. కిట్‌లో వచ్చే గొట్టాలు ఎనిమిది సెంటీమీటర్లే ఉంటే మగవే ఎక్కువ పుడతాయి. రంధ్రం మూడు నుంచి పది మిల్లీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల లోతు, లోపల నునుపు, వెనక మూసి ఉండటం, ఈ నాలుగూ ఉంటేనే తీసుకోండి. పైన్ కాయలు, బెరడు ముక్కలు అలంకారం కోసం. గాజు, ప్లాస్టిక్ గొట్టాల్లో తేమ చేరి బూజు పడుతుంది. గాలికి ఊగకుండా, పొద్దుటి ఎండ తగిలేలా, మీటరున్నర ఎత్తులో బిగించాలి. ఏటా గొట్టాలు మార్చకపోతే నల్లులు (మైట్స్ అనే సూక్ష్మ పురుగులు), పరాన్నజీవులు పేరుకుపోతాయి.

ప్రపంచంలో ఉన్న సుమారు 20,000 తేనెటీగ జాతుల్లో దాదాపు 70 శాతం నేలలోనే గూడు పెడతాయి. వాటికి ఏ హోటలూ అక్కర్లేదు. మడి పక్కన ఒక చాప వెడల్పు నేల ఎండ తగిలేలా, ఆకుల కప్పూ, కలుపు రాకుండా పరిచే షీటూ లేకుండా వదిలేస్తే చాలు. అక్కడ తవ్వకండి, నీళ్లు నిలవనివ్వకండి. పెన్సిల్ మందం రంధ్రం, దాని చుట్టూ వేలెడంత మట్టి కుప్ప కనిపిస్తే చీమల పుట్ట అనుకుని పొడి మందు చల్లేయకుండా, ఎండెక్కాక ఓ పది నిమిషాలు పక్కన కూర్చుని ఎవరు వస్తున్నారో చూడండి.